బొమ్మలు అమ్మటం చాలించిన దొరసాని



మా ప్రక్క వాటాలో ఒక అమ్మాయి వుంటోంది. పేరెందుకు లెండి, మీ వీధిలోనూ అటువంటి అమ్మాయి వుండే వుంటుంది. చిన్నప్పటినుంచీ చేతిలో బొమ్మ వుంది. నెలపట్టిన దగ్గర్నుంచీ ఆ పిల్ల వాకిట్లో ముగ్గు చూడటానికి ప్రక్క వీధి వాళ్ళు కూడా వచ్చేవారు. పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక, బంధువుల ఇంట పెళ్ళికి సరదాగా అడ్డుతెర మీద సీతారాముల కళ్యాణం రంగులతో వేసి ఇచ్చింది. అంతే, అది మొదలు. కొబ్బరిబొండాలకు బొమ్మలు వేసిపెట్టమనీ, పెళ్ళిపీటల మీద లతలు గీసిపెట్టమనీ, చీర అంచుకు నెమళ్ళు వెయ్యమనీ ఒకటే రావటం. డబ్బూ బాగానే వచ్చేది. ముహూర్తాల రోజుల్లో రాత్రి పన్నెండింటికి కూడా వాళ్ళ వాటాలో దీపం వెలుగుతూనే వుండేది.

క్రిందటి శ్రావణమాసం ముందు ఆ అమ్మాయి ఆర్డర్లు మానేసింది. అమ్మలక్కలు ఊరుకుంటారా? "చేతికి అందొచ్చిన సంపాదన కాలదన్నుకుంది" అన్నవారు కొందరు. "ఓపిక లేదు కాబోలు" అన్నవారు కొందరు. ఒకనాడు మధ్యాహ్నం నా దగ్గరకొచ్చి కూర్చుని ఇలా అంది.

"పిన్నిగారూ, ఇప్పుడు పిల్లవాడి పెన్సిలు పుచ్చుకుని, పాత క్యాలెండరు కాగితం వెనక పిల్లి బొమ్మ గీసుకుంటూ వుంటాను. మా అత్తయ్యగారు వచ్చి 'ఎవరికమ్మా అది?' అని అడుగుతారు. ఎవరికీ కాదండీ అంటే ఆవిడకు అర్థం కాదు. నిజం చెప్పొద్దూ, నాకూ సగమే అర్థమవుతోంది. నేను ఓడిపోయినట్లేనా?"

అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. ఆ అమ్మాయి వెళ్ళాక బియ్యం ఏరుకుంటూ కూర్చుంటే, ఎప్పుడో చదివిన ఒక ఇంగ్లీషు దొరసాని కథ జ్ఞాపకం వచ్చింది. ఆవిడకూ ఈ ప్రశ్న ఎదురయింది. ఆవిడ ఏం చేసిందో ఇవాళ మీతో చెప్పాలని వచ్చాను.

ఆవిడ పేరు బియాట్రిక్స్ పాటర్. పేరు వినకపోయినా ఆవిడ బొమ్మ మీరు చూసే వుంటారు. నీలం కోటు తొడుక్కుని, వెనక్కాళ్ళ మీద నిలబడి, ముల్లంగి కొరుకుతూ వుండే కుందేలు పిల్ల. పీటర్ రాబిట్ అంటారు. పిల్లల పుస్తకాల మీదా, పాలు త్రాగే కప్పుల మీదా, గదుల గోడల మీదా ఆ కుందేలు కనబడని దేశం తక్కువ.

బియాట్రిక్స్ 1866 జూలై 28న లండన్‌లో పుట్టింది. తండ్రి బారిస్టరు చదివాడు గాని, కోర్టుకు వెళ్ళి సంపాదించవలసిన అవసరం లేనివాడు. ఇంట్లో డబ్బంతా నూలు బట్టల వ్యాపారంలోంచి వచ్చింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే ఈ నూలు కథలో మన తెలుగుదేశానికీ వాటా వుంది. మన మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు 1611లోనే కొట్టు పెట్టుకున్నారు. మన కోరమండల్ తీరాన చేతితో గీసి, రంగులద్దిన బట్టలంటే ఇంగ్లండులో ఆడవాళ్ళు పడి చచ్చేవారు. అక్కడి నేతగాళ్ళు గోల పెడితే 1721లో అద్దకం నూలు బట్టలు కట్టుకోరాదని చట్టమే చేశారు. ఆ తరువాత కొన్నాళ్ళకు ఆ అద్దకాన్ని వాళ్ళే యంత్రాల మీద మొదలుపెట్టారు. వాళ్ళు 'కాలికో' అనే గుడ్డ పేరు కూడా మన మళయాళ దేశపు కాలికట్ పేరులోంచి పుట్టిందే. అటువంటి కాలికో అద్దకపు మిల్లు యజమాని, ఎడ్మండ్ పాటర్ అనే ఆయన, మన బియాట్రిక్స్‌కు తాతగారు. చెయ్యి గీసిన గీతకూ డబ్బుకూ వున్న సంబంధం చూడండి, ఆ పిల్ల పుట్టకముందే ఆ ఇంట్లో వుంది.

డబ్బు వుంది గాని ఆ ఇంట్లో సందడి లేదు. ఆ పిల్లను బడికి పంపలేదు. ఇంటికే పంతులమ్మలు వచ్చేవారు. తోటిపిల్లల స్నేహం లేదు. ఆరేళ్ళ చిన్నవాడైన తమ్ముడు ఒక్కడే జత. అందుకని అక్కాతమ్ముళ్ళు పై అంతస్తు గదిలో ఒక చిన్న జంతుశాల పెట్టుకున్నారు. కుందేళ్ళు, ఎలుకలు, గబ్బిలాలు, ముళ్ళపంది, బల్లులు, కప్పలు. మనింట్లో అయితే అమ్మ చీపురు పుచ్చుకుని వచ్చేది! వాటిని పెంచటం, వాటి బొమ్మలు గీయటం. అదే చదువు, అదే ఆట. ఆ తండ్రికి మిల్లే అని గొప్ప చిత్రకారుడు స్నేహితుడు. బొమ్మ గీయగలవాళ్ళు బోలెడుమంది వుంటారు గాని ఈ పిల్లకు చూసే కన్ను వుందని ఆయన మెచ్చుకున్నాడు.

పదిహేనో ఏటనుంచి ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా ఆవిడ ఒక డైరీ వ్రాసుకుంది. ఎవరికీ అర్థం కాకుండా తనే కల్పించుకున్న గుర్తులతో వ్రాసుకుంది. ఆవిడ పోయాక చాలా ఏళ్ళకు, 1958లో గాని ఆ గుర్తుల మర్మం ఎవరూ విప్పలేకపోయారు. ఇంట్లో నోరు విప్పటానికి చోటులేని ఆడపిల్ల మాట ఎక్కడెక్కడ దాచుకుంటుందో చూడండి.

ఇక సంపాదన సంగతి. 1890లో, ఇరవైనాలుగో ఏట, ఆవిడ తన కుందేలును చూసి గీసిన బొమ్మలు కొన్ని పండుగ కార్డులు అచ్చువేసే కంపెనీకి పంపింది. వాళ్ళు 6 పౌన్లకు కొన్నారు. ఆ కుందేలు పేరు బెంజమిన్. సంతోషం పట్టలేక ఆ రాత్రి దానికి పక్షులకు వేసే గంజాయి గింజలు ఒక కప్పుడు పెట్టిందట. తెల్లవారి చూస్తే కుందేలుగారికి మత్తు దిగలేదు, చెప్పిన మాట వినలేదు! మొదటి సంపాదన చేతిలో పడ్డవాళ్ళకు ఆ సంతోషం తెలుస్తుంది. పుట్టెడు ఆస్తి వున్న ఇంట్లో వుండి కూడా, ఆ ఆరు పౌన్లూ తనవి అనుకుందంటే, తనకంటూ ఏమీ లేదనేగా అర్థం?

తరువాత కొన్నేళ్ళు పుట్టగొడుగుల మీద పడింది. స్కాట్లండు అడవుల్లో తిరిగి, సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూసి, వందల కొద్దీ రంగుల బొమ్మలు వేసింది. వాటి విత్తనపు పొడి ఎలా మొలకెత్తుతుందో తనే పెంచి చూసి ఒక వ్యాసం వ్రాసింది. 1897 ఏప్రిల్ 1న లండన్‌లో లిన్నియన్ సొసైటీ అనే శాస్త్రజ్ఞుల సభలో ఆ వ్యాసాన్ని ఆవిడ తరఫున ఒక మగాయన సమర్పించాడు. ఆడవాళ్ళకు అప్పుడు ఆ సభలో ప్రవేశం లేదు మరి. ఆ వ్యాసం అచ్చుకాలేదు. నూరేళ్ళకు, 1997లో, అప్పుడు అలా చెయ్యటం పొరపాటేనని ఆ సంఘమే ఒప్పుకుంది.

కుందేలు పుస్తకం పుట్టుక ఇంకా చిత్రం. తనకు చదువు చెప్పిన పంతులమ్మకు పెళ్ళయి పిల్లలు పుట్టారు. పెద్దవాడు నోయెల్, అయిదేళ్ళవాడు, జబ్బుపడి మంచాన వున్నాడు. వాడికి ఏం వ్రాయాలో తోచక, 1893 సెప్టెంబరు 4న ఆవిడ ఒక ఉత్తరంలో నాలుగు కుందేలు పిల్లల కథ చెబుతూ, మధ్యమధ్య సిరాతో బొమ్మలు గీసి పంపింది. డబ్బు ఆశ లేదు, అచ్చు ఆశ లేదు. జబ్బు పిల్లవాడు నవ్వితే చాలు. ఆ పిల్లవాడు ఆ ఉత్తరాన్ని దాచుకున్నాడు. ఏడేళ్ళ తరువాత, వీటిని పుస్తకం చెయ్యరాదా అని ఆ తల్లే సలహా చెబితే, బియాట్రిక్స్ ఆ ఉత్తరాన్ని ఎరువు తెచ్చుకుని కాపీ చేసుకుంది.

ప్రచురణకర్తలు ఒకరి తరువాత ఒకరు త్రిప్పి పంపారు. చిన్నపిల్లల చేతిలో ఇమిడే చిన్న పుస్తకం కావాలనీ, ధర తక్కువగా వుండాలనీ ఆవిడ పట్టు. చివరకు 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 కాపీలు వేసుకుంది. అవి చేతులు మారుతుండగానే ఫ్రెడరిక్ వార్న్ కంపెనీ వాళ్ళు, బొమ్మలకు రంగులు వేసి ఇస్తే మేం వేస్తామన్నారు. 1902 అక్టోబరులో 8000 కాపీలు వేశారు. బజారుకు రాకముందే అన్నీ ఖర్చయిపోయాయి. ఆ సంవత్సరం దాటేలోగా మళ్ళీ మళ్ళీ వెయ్యవలసి వచ్చింది.

అక్కడినుంచి చూడండి పరుగు. 1903లో రెండు పుస్తకాలు, 1904లో రెండు, 1905లో రెండు, 1906లో మూడు. 1902 నుంచి 1913 దాకా పన్నెండేళ్ళలో పందొమ్మిది చిన్న కథల పుస్తకాలు. పుస్తకాలతో పోలేదు. 1903లోనే కుందేలు బొమ్మను గుడ్డతో తనే కుట్టి హక్కు నమోదు చేయించింది. ఆ వెనకే ఆటబల్ల, గోడకాగితం, పింగాణీ సామాను, రంగులు వేసుకునే పుస్తకం. ప్రతిదానికీ నమూనా చూడాలి, రంగు సరిచెయ్యాలి, ఒప్పందం చదవాలి. అమెరికాలో హక్కు నమోదు చెయ్యకపోవటం వల్ల అక్కడ ఎవరికి వాళ్ళు ఆవిడ కుందేలును అచ్చేసుకుని అమ్ముకున్నారు. ఆవిడకు ఒక్క పెన్నీ రాలేదు.

ఈ పరుగులోనే ఆవిడ బ్రతుకులో ఒక వెలుగు, ఒక చీకటి కూడా వచ్చాయి. పుస్తకాల పని చూసే నార్మన్ వార్న్, ఆ కంపెనీ వాళ్ళ తమ్ముడు, 1905 జూలైలో ఆవిడను పెళ్ళాడతానని అడిగాడు. ఆవిడకు ముప్ఫై తొమ్మిది. తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. వ్యాపారం చేసుకునే వాళ్ళతో మనకు వియ్యమా అన్నారు. తాతగారి మిల్లు మాట అప్పుడు ఎవరికీ జ్ఞాపకం రాలేదు కాబోలు! ఆవిడ మాత్రం ఉంగరం పెట్టుకుంది. నెల తిరక్కుండానే, ఆగస్టు 25న, రక్తానికి సంబంధించిన జబ్బుతో నార్మన్ చనిపోయాడు.

ఆ దుఃఖంలో ఆవిడ చేసిన పని ఒకటే. పుస్తకాల మీద వచ్చిన డబ్బూ, ఒక పిన్నిగారు వ్రాసిపెట్టి పోయిన కొద్ది సొమ్మూ కలిపి, ఆ ఏడాదే ఇంగ్లండు వాయవ్య మూల కొండల్లో, సరస్సుల సీమలో, నియర్ సారే అనే పల్లెలో హిల్ టాప్ అనే 34 ఎకరాల కమతం కొనుక్కుంది. సెలవులకు ఆ వైపు వెళ్ళి ఆ నేల మీద మనసు పారేసుకుంది. కాని పెళ్ళికాని కూతురు కనుక, లండన్‌లో ముసలి తల్లిదండ్రుల్ని చూసుకోవాలి. దొరికిన నాలుగురోజులూ రైలెక్కి పల్లెకు వెళ్ళటం, మళ్ళీ రావటం. ఒక చేత్తో పొలం, ఒక చేత్తో ఇల్లు, ఈ రెండింటి నడుమ ప్రతి పండుగకూ పుస్తకం తయారుకావాలని కంపెనీ వాళ్ళ ఉత్తరాలు.

విసుగు ఎక్కడ మొదలయిందో చెప్పటం కష్టం. 1912లో ఆవిడ ఒక నక్క, ఒక బిల్లబొక్క జంతువు ముఖ్యపాత్రలుగా కథ వ్రాసింది. మంచివాళ్ళ గురించి బుద్ధిగల పుస్తకాలు చేసిచేసి విసుగెత్తిందని మొదటి వాక్యంలోనే వ్రాసేసింది. కంపెనీ వాళ్ళు కంగారుపడి, ఆ మాట మెత్తబరచమన్నారు. మెత్తబరచింది. ఆకుపచ్చ ఇంకాస్త ముదురు చెయ్యమంటే మా ప్రక్కింటి అమ్మాయి చేసినట్లే! మర్నాటి 1913 వసంతంలో ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టింది. ఆ యేటి పుస్తకం, ఒక పందిపిల్ల కథ, బొమ్మలు ముక్కుతూ మూలుగుతూ పూర్తిచేసింది.

ఆ సంవత్సరమే మలుపు. పొలాల కొనుగోలు కాగితాలు చూసిపెట్టే విలియం హీలిస్ అనే పల్లె లాయరు అంతకుముందు ఏడాది పెళ్ళి మాట ఎత్తాడు. తల్లిదండ్రులు మళ్ళీ కాదన్నారు. ఈసారి తమ్ముడు వచ్చి, నేను ఒక సామాన్యుల ఇంటి పిల్లను రహస్యంగా పెళ్ళాడి పదకొండేళ్ళయిందని గుట్టు బయటపెట్టాడు. ఇక వాళ్ళు ఏమంటారు? 1913 అక్టోబరు 15న నలభై ఏడేళ్ళ వయస్సులో బియాట్రిక్స్ పాటర్ మిసెస్ హీలిస్ అయింది. అప్పటినుంచి చివరిదాకా ఎవరైనా మిస్ పాటర్ అని పిలిస్తే ఆవిడకు నచ్చేది కాదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. పెళ్ళికి ముందు పన్నెండేళ్ళలో పందొమ్మిది చిన్న కథల పుస్తకాలు అన్నాను కదా? పెళ్ళి తరువాత ముప్ఫై ఏళ్ళు బ్రతికింది. ఆ వరసలో వచ్చినవి నాలుగు. వాటిలోనూ పాత బొమ్మలు వెతికి తీసి అతికినవి వున్నాయి. 1917లో వార్న్ కంపెనీ పెద్దన్న ఒకడు దొంగ సంతకాల కేసులో అరెస్టయి, కంపెనీ మునగబోయింది. ఆవిడకు రావలసిన డబ్బే ఎంతో నిలిచిపోయింది. అయినా పాత పరిచయం మరచిపోకుండా, దాచివున్న బొమ్మలతో ఆ ఏడు ఒక పుస్తకం, మరుసటి ఏడు ఇంకొకటి ఇచ్చి వాళ్ళను నిలబెట్టటానికి సాయపడింది. తరువాత వాళ్ళు ఎంత అడిగినా, చూపు మునుపటిలా లేదనీ, పొలం పని వుందనీ చెప్పేది.

సాకు అనుకోకండి, రెండూ నిజమే. సన్నని కుంచెతో ఎలుక మీసం గీయాలంటే కన్ను సాగాలి. యుద్ధం రోజుల్లో మగవాళ్ళంతా సైన్యానికి పోతే పొలంలో తనే దిగవలసి వచ్చింది. కాని అసలు సంగతి వేరు. ఆవిడకు ఇంకొక పని మీద మనసు నిలిచింది. ఆ కొండల్లో హెర్డ్‌విక్ అనే మొరటు జాతి గొర్రెలున్నాయి. మంచుకూ గాలికీ ఓర్చుకుంటాయి. పుట్టినప్పుడు నల్లగా వుండి పెరిగేకొద్దీ బూడిదరంగుకు తిరుగుతాయి. ఆ జాతి తగ్గిపోతోందని ఆవిడ బెంగ. 1923లో ట్రౌట్‌బెక్ పార్క్ అనే పెద్ద కమతం, దాదాపు 2000 ఎకరాలు, కొని గొర్రెల మంద పెంచింది. సంతల్లో ఆవిడ గొర్రెలకు బహుమతులు వచ్చేవి. పందేల్లో తీర్పరిగా కూర్చోబెట్టేవారు. ముతక ఉన్ని గౌను, చెక్క అడుగుల జోళ్ళు, వానకు భుజాల మీద గోనెపట్టా. ఒక బికారి ఎదురుపడి, మనలాంటివాళ్ళకు ఈ వాన చెడ్డ కష్టమమ్మా అన్నాడట. ఆ మాట చెప్పుకుని ఆవిడ ఎంతో మురిసిపోయేది.

మరి బొమ్మలు పూర్తిగా మానేసిందా? లేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. 1927లో విండర్మియర్ సరస్సు ఒడ్డున కొంత నేల ఇళ్ళ వ్యాపారుల చేతిలో పడబోతోంది. దాన్ని కొని అందరికీ వుంచాలని చందా ఎత్తారు. అప్పుడు ఆవిడ తన పుస్తకాల్లోని బొమ్మలను మళ్ళీ చేతితో గీసి, సంతకం చేసి, 50 బొమ్మలు అమెరికాలో బోస్టన్ నగరానికి పంపింది. ఒక్కొక్కటీ ఒక గినీకి, అంటే 21 షిల్లింగులకు, అక్కడి అభిమానులు కొనుక్కున్నారు. ఆ డబ్బు నేలకు పోయింది. అలాగే జబ్బుపిల్లలకు సాయం చేసే ఒక సంఘం వాళ్ళు పండుగ కార్డులు అమ్ముకోవటానికి బొమ్మలు గీసి వూరికే ఇచ్చేది.

గమనించారా? జబ్బు పిల్లవాడి కోసం మొదలైన బొమ్మ, డబ్బు దారిన, పేరు దారిన అంత దూరం పోయి, తిరిగి జబ్బుపిల్లల దగ్గరకే చేరింది. ఇంకొక సంగతి. ఆ 50 బొమ్మలూ డబ్బు కోసం గీసినవే. అయితే ఎందుకు గీయాలో తనే అనుకుంది, తనకు ఇష్టమై గీసింది. కాబట్టి ఆవిడకు విసుగు పుట్టించింది డబ్బు కాదు. ఈ ఏడు ఇంకొకటి, వచ్చే ఏడు ఇంకొకటి అని తన చెయ్యి పరాయిదయిపోవటం.

ఆవిడ 1943 డిసెంబరు 22న కన్నుమూసింది. ఆ ఏడే హెర్డ్‌విక్ గొర్రెల పెంపకందార్ల సంఘం ఆవిడను తరువాతి అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. ఆ కుర్చీలో కూర్చోకుండానే పోయింది. 4000 ఎకరాలకు పైగా నేల, ఎన్నో కమతాలు, ఇళ్ళు, మందలు నేషనల్ ట్రస్టు అనే సంస్థకు వ్రాసి ఇచ్చింది. తన కమతాల్లో ఆ జాతి గొర్రెలే వుండాలని కూడా వ్రాసింది. చితాభస్మాన్ని ఆవిడ కోరిన చోటే గొర్రెల కాపరి చల్లి వచ్చాడు. ఆ చోటు రహస్యంగానే వుండిపోయింది. హిల్ టాప్ ఇంటిని 1946 నుంచి జనం వచ్చి చూస్తున్నారు. ఆనాడు ఎవరూ అచ్చువెయ్యని పుట్టగొడుగుల బొమ్మలు వున్నాయే, వాటిలో కొన్నిటిని 1967లో ఒక శాస్త్రజ్ఞుడు తన పుస్తకంలో వేసుకున్నాడు. అవి అంత సరిగ్గా వున్నాయి మరి. 1967లో ఎవరికో పనికొస్తాయని మాత్రం ఆవిడ గీయలేదు. చూడాలనిపించి చూసింది, గీయాలనిపించి గీసింది.

అయితే, సోదరీమణులారా, ఈ కథ విని మనం గబుక్కున తప్పు అర్థం తీయకూడదు. డబ్బు పాడుచేస్తుంది, కళను అమ్ముకోకూడదు, ఆడవాళ్ళు సరదాకి గీసుకుంటే చాలు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ సంపాదనే లేకపోతే హిల్ టాప్ లేదు. హిల్ టాప్ లేకపోతే ఆవిడ నలభై ఏడేళ్ళకు కూడా లండన్ ఇంటి పై అంతస్తులోనే కూర్చుని వుండేది. ఆ కుందేలు బొమ్మే ఆవిడకు తలుపు తీసిపెట్టిన తాళంచెవి. ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఆవిడ కొత్త బొమ్మలు మానేసినా పాత పుస్తకాల మీద డబ్బు వస్తూనే వుంది. పిల్లల స్కూలు జీతాల దిగులు లేదు. మనలో ఎంతమందికి ఆ వీలుంది? అడ్డుతెర మీద వచ్చిన రూపాయిలతో ఇల్లు గడుపుకునే అక్కచెల్లెళ్ళకు నేను నీతులు చెప్పబోవటం లేదు. వాళ్ళ చేతికి దణ్ణం పెడతాను.

నేను చెప్పేది చిన్న విషయం. తలుపు తెరుచుకున్నాక కూడా తాళంచెవి త్రిప్పుతూ కూర్చోనక్కరలేదు. సంపాదన మొదలుపెట్టటం ఎంత ధైర్యమో, ఇక చాలు అనుకోవటమూ అంత ధైర్యమే. దాన్ని ఓటమి అనేవాళ్ళు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఎవరి చేత ఓడినట్లు? మగవాడు ఉద్యోగం విరమించి తోటపని చేసుకుంటే విశ్రాంతి అంటాం. ఆడది ఆర్డర్లు విరమించి పిల్లి బొమ్మ గీసుకుంటే, 'ఎవరికది?' అని అడుగుతాం. ఆ 'ఎవరికి' అనే ప్రశ్న మనం వండిన కూరకూ వేస్తాం, కుట్టిన రవికెకూ వేస్తాం. రోజంతా ఎవరికో ఒకరికి పనికొచ్చే పనే చేస్తాం గనుక, ఎవరికీ కాని పని కనబడితే మనకే వింతగా వుంటుంది.

కాని ఆలోచించండి. ప్రొద్దున్నే వాకిట్లో మనం ముగ్గు వేస్తాం. ఎవరు కొంటున్నారు? మధ్యాహ్నానికి పాలవాడి సైకిలు చక్రం, పిల్లల పాదాలు, ఎవరి కాళ్ళో దాన్ని తుడిచేస్తాయి. మర్నాడు మళ్ళీ వేస్తాం. వేస్తున్నంతసేపూ చుక్కలు తప్పకుండా చూసుకుంటాం, గీత వంకరపోతే చెరిపి దిద్దుతాం. నిలవనిదానికి ఇంత శ్రద్ధ ఎందుకని మన అమ్మమ్మలు ఏనాడూ అడగలేదు. ఆ సంగతి మనకు ఏ దొరసానీ నేర్పనక్కరలేదు. నడుమ మనం మరచిపోతున్నాం, అంతే.

ప్రక్కింటి అమ్మాయికి ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే పిన్నిగారూ, ఆవిడ పూర్తిగా మానలేదన్నమాట" అంది. లేదమ్మా అన్నాను. "నేనూ మానలేదు" అంది. క్రిందటి వారం వాళ్ళ ఆడపడుచు కూతురి పెళ్ళి కుదిరింది. అడ్డుతెర వేస్తానని తనే అడిగి పుచ్చుకుంది. ఈసారి రాత్రి పన్నెండింటికి దీపం లేదు. పిల్లలు బడికి వెళ్ళాక, అన్నం తిని, కిటికీ ప్రక్కన కూర్చుని వేస్తోంది. సీతమ్మ ముఖం ఎవరి పోలికలో వుండాలని ఎవరూ చెప్పలేదు. నేను వెళ్ళి చూశాను. వాళ్ళ అత్తగారి పోలిక వచ్చింది! ఆవిడ చూసి ఏమీ అనలేదు గాని, ఆ పూట కాఫీ తనే పెట్టి కోడలి దగ్గరకు తెచ్చి ఇచ్చింది.